హైదరాబాద్ పోలీసుల కప్పులు

ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు ఆటల కబుర్లంటే ఇప్పుడు క్రికెట్టే. కానీ పాతతరం ఫుట్‌బాల్ అభిమానులను కదిపితే హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు గురించి ఎంతసేపైనా చెబుతారు. 1950లో ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయి రోవర్స్ కప్పునైతే 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలుచుకుంది.

ఆ జట్టును తీర్చిదిద్దిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకోకుండా చకచకా అందించడం నేర్పారు. ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం ఆ ఒలింపిక్స్‌లో ఆడారు.

ఆ రోజుల ఆట తెలిసిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఆ ముచ్చట్లు పిల్లలకు చెప్పించండి. మన ఘనత మన పిల్లలకు తెలియాలి.