బార్టన్ హాల్ క్యాసెట్టు



అమెరికా అనుభవాలు చెప్పమన్నారు మన కార్యదర్శి గారు. నేను ఒక్క కచేరీ గురించే చెబుతాను. అదీ నేను చూసింది కాదు. అది జరిగిన 1977 మే 8న నేను మూడో తరగతి పాసై, సెలవుల్లో అమ్మమ్మ గారి ఊళ్లో మామిడికాయలు కొడుతున్నాను.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ బార్టన్ హాల్ అని, ఒకప్పుడు సైనిక కవాతుల కోసం కట్టిన పెద్ద షెడ్డులాంటి భవనం. అందులో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం ఆ రాత్రి వాయించింది. మే నెలలో బయట మంచు పడింది.

వీళ్లది రాక్ సంగీతమే కానీ పద్ధతి వేరు. పాట ఎత్తుకుంటారు, మధ్యలో వదిలి ఎటో వెళతారు, తిరిగి వస్తారు. మనవాళ్లు మనోధర్మం అంటారే, దానికి దగ్గర. ఆ రోజు ‘స్కార్లెట్ బిగోనియాస్’ నుంచి ఆపకుండా ‘ఫైర్ ఆన్ ది మౌంటెన్’లోకి దిగారు. రెండూ కలిపి పాతిక నిమిషాలు. రెండో పాటలో ఉన్నవి రెండే కార్డ్స్. వాటి మీదే జెర్రీ గార్సియా గిటారు అంతసేపూ విసుగు లేకుండా తిరుగుతుంది. మొదటి సగంలో కొన్ని పాటలు నాకు సాగదీసినట్టే ఉంటాయి. అభిమానులు వింటే కొడతారు. చివర్లో ‘మార్నింగ్ డ్యూ’ మాత్రం, అణుయుద్ధం తర్వాత మిగిలినవాళ్ల పాట అది, వింటూ ఇంకో పని చేయలేను.

దీన్ని రికార్డు చేసింది బెట్టీ కాంటర్-జాక్సన్ అనే సౌండ్ ఇంజినీరు. తర్వాత ఆవిడ టేపులు దాచిన గోదాముకి అద్దె కట్టలేక, 1980లలో అవి వేలంలో పోయాయి. ఎవరెవరి ఇళ్లకో చేరాయి. ప్రతులు మాత్రం అభిమానుల మధ్య చేతులు మారుతూ తిరిగాయి. ఖాళీ క్యాసెట్టు ఇస్తే కాపీ చేసిచ్చేవాళ్లు, డబ్బు తీసుకునేవాళ్లు కాదు. 2012లో అమెరికా జాతీయ గ్రంథాలయం దీన్ని భద్రపరచదగ్గ రికార్డింగుల్లో చేర్చింది. అధికారికంగా విడుదలైంది మాత్రం 2017లోనే.

1993లో మా ఆఫీసులో ఒక పెద్దాయన నాకు ఇది కాపీ చేసిస్తానన్నాడు. తొంభై నిమిషాల క్యాసెట్లు రెండు కావాలి. నా దగ్గర ఖాళీది ఒకటే ఉంది. రెండోది నా సూట్‌కేసులోది.

అది 1984లో మన స్కూలు వార్షికోత్సవం రికార్డు చేసిన క్యాసెట్టు. మన తెలుగు మాస్టారు గజేంద్రమోక్షం పద్యాలు పాడింది అందులోనే ఉంది. ఎవరూ చెరపకుండా దాని వెనక చిన్న ప్లాస్టిక్ ముక్కలు నేనే విరగ్గొట్టాను. తొమ్మిదేళ్ల తర్వాత ఆ కన్నాల మీద టేపు అంటించిందీ నేనే. ‘ఇంటికెళ్లినప్పుడు మాస్టారి చేత మళ్లీ పాడించుకోవచ్చులే’ అనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లకే మాస్టారు పోయారు. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా.

కిందటేడు ఫోన్‌లో ఆ కచేరీ శుభ్రమైన శబ్దంతో విన్నాను. ఏదో వెలితి. అటక మీంచి పాత క్యాసెట్టు దించి, ప్లేయరుకి కొత్త బెల్టు వేయించి పెట్టాను. ఎప్పుడూ ఆఖరి పాట అయిపోగానే ఆపేసేవాణ్ణి. ఆ రోజు వంటింట్లో పాలు పొంగితే పరిగెత్తాను, క్యాసెట్టు తిరుగుతూనే ఉంది. చప్పట్లు ఆగాయి. టిక్‌మంది. తర్వాత మాస్టారి గొంతు.

నాలుగు నిమిషాలు మిగిలింది. కాపీ చేస్తున్నవాళ్లు కచేరీ అవగానే ఆపేశారు కనక బతికింది. పద్యం చివరి పాదాలు, ఆయన దగ్గు, ఎవరో పిల్లాడి ఈల, ఆఖర్న మన ఇనుప గంట.

దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి తెచ్చాను, కమిటీకి ఇస్తున్నాను. మాస్టారి అమ్మాయి ముందు వరసలో ఉన్నారు. అమ్మా, మీకో కాపీ వేరుగా తెచ్చాను. ఆ రోజు వేదిక దగ్గర ఇంకో టేపురికార్డరు కూడా ఉన్నట్టు నాకు లీలగా గుర్తు. అది ఎవరి ఇంటిదో తెలిసినవాళ్లు భోజనాల దగ్గర నాకు కనబడండి. ఇప్పుడు ఆ నాలుగు నిమిషాలు వినిపిస్తాను. వెనకాల ఫ్యాన్లు కాస్త ఆపండయ్యా.