బంతి వేగం, ఎముక ఓర్పు

ఈనాటి ప్రసంగంలో ఒక ఆటగాడి శరీరాన్ని పదార్థ విజ్ఞానం దృష్టితో చూద్దాం. ఆట బేస్‌బాల్. అందులో బంతి విసిరే ఆటగాణ్ణి పిచర్ అంటారు. మనలో చాలామందికి ఆ ఆట పరిచయం లేదు కనుక, పక్కనే ఒక క్రికెట్ ఫాస్ట్ బౌలర్‌ను కూడా నిలబెట్టి మాట్లాడుకుందాం. ఆయన మా జంషెడ్‌పూర్‌లో పెరిగినవారే.

ముందు ఒక చిన్న ప్రయోగం. ఒక ఇనుప తీగ తీసుకోండి. ఒకసారి వంచితే అది విరగదు. అదే చోట అటూ ఇటూ పదేపదే వంచండి, పుటుక్కున తెగుతుంది. కంటికి కనిపించనంత కొద్దిగా వంగినా, లక్షలసార్లు వంగితే లోహంలో సన్నని పగుళ్లు పుడతాయి. దీన్నే ఫెటీగ్, అంటే లోహపు అలసట అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ ఇంజనీరు రైలు పెట్టెల ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరీక్షించి, ఈ సంగతిని లెక్కల్లో చూపించారు. నేనుండే కాసిడీహ్ చుట్టుపక్కల ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారు లేని వీధి అరుదు. అందులో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇక్కడి పిల్లలకు ఈ పాఠం పెద్దగా విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పిచర్ దగ్గరికి వద్దాం. మైదానం మధ్యలో సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తున్న మట్టి దిబ్బ మీద నిలబడి, 18.44 మీటర్ల దూరానికి బంతి విసరాలి. బంతి నేలను తాకకుండా వెళుతుంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరితే బ్యాటర్‌ను చేరడానికి సుమారు 0.4 సెకను చాలు. క్రికెట్ బౌలర్‌లా పరుగెత్తుకు రావడం లేదు. కాలు నేల మీద పెట్టి, నడుము తిప్పి, భుజం తిప్పి, చివరకు కొరడా విదిలించినట్టు చేతిని విదిలిస్తాడు. ఆ క్షణంలో మోచేతి లోపలివైపున ఎముకను ఎముకతో కట్టిపెట్టే లిగమెంట్, అంటే సంధిబంధనం, తాను ఒంటరిగా భరించగల హద్దును తాకేటంత లాగుడుకు గురవుతుంది. చుట్టూ ఉన్న కండరాలు ఆదుకోబట్టి నిలుస్తుంది. అలసిన కండరం అంతగా ఆదుకోలేదు.

1974లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కు ఎడమ మోచేతిలో ఇదే తెగింది. అంతకుముందు ఆ గాయం తగిలితే ఆట ముగిసినట్టే. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన కుడి ముంజేతి నుంచి ఒక స్నాయుబంధనం తీసి ఎడమ మోచేతిలో అమర్చారు. 1975 అంతా విశ్రాంతి, వ్యాయామం. 1976లో తిరిగి వచ్చి 1989 వరకు, అంటే 46 ఏళ్ల వయసు దాకా ఆడారు. ఆయన గెలిచిన 288 మ్యాచ్‌లలో 164 ఆపరేషన్ తర్వాతవే! ఆ శస్త్రచికిత్సకు నేటికీ ఆయన పేరే. ఇందులో వైద్యుని నేర్పు ఎంతో, ఆడకుండా గడిపిన ఆ ఒక్క ఏడాది కూడా అంతేనని నా అభిప్రాయం.

మన దేశం నుంచీ ఇద్దరు ఆ దిబ్బ ఎక్కారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ త్రోయర్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఒక టీవీ పోటీలో నెగ్గి 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. దినేశ్‌ను 2010లో జట్టు వదిలేసింది. రింకూ గాయాలతో ఆట మాని 2018లో వృత్తి కుస్తీలోకి వెళ్లారు. అగ్రశ్రేణి లీగ్‌కు ఇద్దరూ చేరలేదు.

ఇక మా ఊరి బౌలర్ వరుణ్ ఆరన్. 2010-11 విజయ్ హజారే ట్రోఫీ ఫైనల్‌లో జార్ఖండ్ తరఫున గంటకు 153 కిలోమీటర్ల వేగం అందుకున్నారు. 2011లో ముంబయిలో వెస్టిండీస్‌పై మొదటి టెస్టు ఆడారు. రెండో టెస్టు ఎప్పుడో తెలుసా? 2014లో, మాంచెస్టర్‌లో. మధ్య కాలాన్ని ఎక్కువగా మింగేసింది వెన్ను గాయం. మొత్తం 9 టెస్టులు, 9 వన్డేలతో అంతర్జాతీయ ఆట ముగిసింది.

పిచర్‌కు మోచేయి ఎలాగో, ఫాస్ట్ బౌలర్‌కు నడుము అలాగ. ముందు కాలు నేలను గుద్దినప్పుడు శరీర బరువుకు అయిదారు రెట్ల బలం పైకి తన్నుకొస్తుంది. అదే క్షణాన నడుము వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. వెన్నుపూస వెనుక సన్నని వంతెనలాంటి భాగం ఒకటి ఉంది. కుడిచేతి బౌలర్లలో సాధారణంగా ఎడమవైపు వంతెన చిట్లుతుంది.

ఇక్కడే ఎముకకూ ఉక్కుకూ తేడా. పగిలిన ఇరుసు తనను తాను బాగుచేసుకోలేదు, ఎముక చేసుకుంటుంది. కొన్ని కణాలు దెబ్బతిన్న భాగాన్ని తవ్వి తీసేస్తాయి. దానికి కొన్ని వారాలు. మరికొన్ని కణాలు కొత్త ఎముక నింపుతాయి, దానికి నెలలు. ఇంట్లో పాత గోడ పడగొట్టి కొత్తది కట్టేలోగా ఇల్లు ఎలా ఉంటుందో, ఆ మధ్య కాలంలో ఎముక అలా ఉంటుంది, మునుపటికంటే బలహీనంగా. సరిగ్గా అప్పుడే బరువు పెంచితే చిట్లుతుంది.

మరి హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ 2025లో ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు, అంటే 1113 బంతులు ఎలా వేశారని మీరు అడగవచ్చు. అదే సిరీస్‌లో బుమ్రా మూడు టెస్టులే ఆడారు. అందరి ఎముకా ఒకటి కాదు, అందరి బౌలింగ్ తీరూ ఒకటి కాదు. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగిన బరువు వేరు, సెలవుల తర్వాత ఒక్క వారంలో రెట్టింపైన బరువు వేరు.

ఆరన్ 2024 ఫిబ్రవరిలో మా కీనన్ స్టేడియంలోనే రాజస్థాన్‌పై చివరి రంజీ మ్యాచ్ ఆడారు. 2025 జనవరిలో ఆట పూర్తిగా మానారు. అదే ఏడాది జులైలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆయనను బౌలింగ్ కోచ్‌గా నియమించింది.

తల్లిదండ్రులకు ఒక మాట. అమెరికాలో 2014లో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం 13, 14 ఏళ్ల పిచర్ ఒక రోజులో 95 బంతులకు మించి విసరకూడదు. 66 గానీ అంతకు మించి గానీ విసిరితే నాలుగు రోజుల విరామం ఇవ్వాలి. మన పిల్లవాడు ఉదయం కోచింగ్‌లో, మధ్యాహ్నం స్కూలు జట్టులో, సాయంత్రం వీధిలో వేస్తాడు. మూడింటినీ కలిపి కూడేవారు ఎవరూ లేరు. ఒక నోటు పుస్తకంలో రోజూ బంతుల సంఖ్య రాయించండి. వెనక్కి వంగినప్పుడు నడుములో ఒకే పక్క నొప్పి అంటే బౌలింగ్ ఆపించి ఎముకల వైద్యుడికి చూపించండి. తొలిదశ చిట్లు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు, ఎమ్.ఆర్.ఐ.లో కనిపిస్తుంది.