రజ్వీ మనసులో ఏముంది?

హైదరాబాదులో నాచారం పక్కనే ఉన్న ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కితే జనగామ దారే. 1948లో ఆ వైపు పల్లెలు హైదరాబాదు నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్ల పేరు వింటేనే వణికేవి. వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ రాజూ కాదు, సేనాపతీ కాదు, లాతూరు వకీలు. అయినా ఢిల్లీ ఎర్రకోట మీద నిజాంల అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామని బీరాలు పలికాడు!

తన గొప్ప చేసే పనిలో కాక తనలోనే ఉందనుకునేవాడికి వాస్తవంతో పనిలేదని మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రామ్ 1964లో రాశాడు. అలాంటివాడు విమర్శను అవమానంగా తీసుకుంటాడు, అవమానాన్ని పగగా మార్చుకుంటాడు. దూరం నుంచి రోగం పేరు చెప్పడం తగదు గానీ, రజ్వీలో ఆ పోలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. హైదరాబాదు భారత్‌లో కలవాలని రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులోనే రజాకార్లు చంపేశారు.

మరి అతని వెంట నడిచినవాళ్ల మాటేమిటి?

అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగంలో 40 మందికి 26 మంది, పెద్దమనిషి చెప్పాడని, అవతలివాడికి 450 వోల్టుల షాక్ తగులుతోందనుకుంటూనే మీట నొక్కారు. షాక్ ఉత్తుత్తిదే. విధేయత అసలుది.

1948 సెప్టెంబరు 13న హైదరాబాదు మీదికి భారత సైన్యం కదిలింది. 17కల్లా నిజాం లొంగిపోయాడు. రజ్వీ జైలుకెళ్లి, 1957లో విడుదలై పాకిస్తాన్ చేరాడు.