మద్యపాన చికిత్స: చౌకయు, గిట్టుబాటును



"పిండికొద్ది రొట్టె" అని మన సామెత. వైద్యవిషయమున ఈ సామెత ఎంతవరకు చెల్లును? ఎంత సొమ్ము వెచ్చించిన అంత ఆరోగ్యము లభించునా? లేక, కొద్ది పిండితోనే పెద్ద రొట్టె చేయు ఉపాయమేదైన కలదా? త్రాగుడు మాన్పుటకు సెల్‌ఫోనుద్వారాను, ఇంటర్నెట్టుద్వారాను చేయుచున్న చికిత్సలను చూచినపుడు ఈ ప్రశ్న సహజముగా పుట్టును. వీనికి అగు వ్యయమెంత, కలుగు ఫలమెంత, ఆ రెంటిని ఏ త్రాసున తూచవలెను అను సంగతిని నేడు మీకు మనవిచేయుదును.

ముందుగా వ్యాధి విస్తృతిని గమనింతము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కప్రకారము 2019లో మద్యము మూలమున 26 లక్షలమంది మరణించిరి. అదే సంవత్సరమున మన కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వేనుబట్టి, ఈ దేశమున మద్యసంబంధమైన చిక్కులకు సహాయము కావలసినవారు సుమారు 5 కోట్ల 70 లక్షలమంది. మద్యమునకు బానిసలైనవారిలో ఏదో యొక చికిత్స పొందినవారు 38 మందికి ఒక్కరు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒక్కరు. వైద్యులు తక్కువ, ఆసుపత్రి దూరము, పోయినదినము కూలి పోవును, అన్నిటికంటె మిన్నగా, నలుగురు చూతురను సిగ్గు అడ్డుపడును. చేతిలోనున్న ఫోనే వైద్యుడైనచో ఈ అడ్డంకులన్నియు తొలగునుగదా యని ఆశ కలుగుట సహజము.

ఈ ఫోను చికిత్స యెట్టిది? మొదట కొన్ని ప్రశ్నలు అడుగును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కూర్చిన పది ప్రశ్నల పట్టిక ఇందుకు ఎక్కువగా వాడుకలో నున్నది. మొత్తము 40 మార్కులు. 8 గాని అంతకు మించి గాని వచ్చిన, త్రాగుడు హద్దు దాటుచున్నదని హెచ్చరిక. పిదప ప్రతిదినము త్రాగినదెంతయో, ఖర్చయినదెంతయో వ్రాయించును. మనస్సు లాగు వేళకు సందేశము పంపును. కొన్నిటిలో మనిషియే ఆవలనుండి మాటాడి ధైర్యము చెప్పును. ఈ కడపటి భేదమును మీరు మరువవలదు. నేను చెప్పబోవునదంతయు దానిమీదనే ఆధారపడి యున్నది.

వీనివలన ఫలము కలదా? కలదు. 2017లో కోక్రేన్ సంస్థవారు 57 పరీక్షలను, అనగా 34 వేలకు పైబడిన మనుష్యుల వృత్తాంతమును, ఒక్కచోట చేర్చి పరిశీలించిరి. ఇట్టి చికిత్స పొందినవారు ఇతరులకంటె వారమునకు సుమారు 23 గ్రాముల ఆల్కహాలు తక్కువగా త్రాగిరని తేలినది. మన విస్కీ లెక్కలో ఇది రెండు చిన్న పెగ్గులకు కొంచెము మించును. ఒక్క మనిషి విషయమున ఇది స్వల్పమే. లక్షలమంది విషయమున స్వల్పము కాదు. ఫోను చికిత్సకు తయారుచేయునపుడే ఖర్చు. తరువాత పదివేలమంది వాడినను, లక్షమంది వాడినను అదనముగా అగు వ్యయము అల్పము.

అట్లయిన మనిషి ప్రమేయము లేని చికిత్సయే మేలుగదా యని మీ రడుగవచ్చును. ఇచ్చటనే చౌకకును గిట్టుబాటునకును గల భేదమును గుర్తింపవలెను. ఒక కల్పిత ఉదాహరణము చెప్పెదను. ఒక చికిత్సకు తలకు 100 రూపాయలు. నూరుమందికి చేయగా ఐదుగురు బాగుపడిరి. ఖర్చు 10,000, బాగుపడిన ఒక్కొక్కనికి 2,000 రూపాయలు పడినవి. వేరొక చికిత్సకు తలకు 500 రూపాయలు. నూరుమందిలో 40 మంది బాగుపడిరి. ఖర్చు 50,000, బాగుపడిన ఒక్కొక్కనికి 1,250 రూపాయలే. కొనునపుడు మొదటిది చౌక. ఫలము చేతికి వచ్చునపుడు రెండవది చౌక. కావున తలసరి ఖర్చును కాక, బాగుపడిన తలకు అయిన ఖర్చును లెక్కింపవలెను.

ఇది వట్టి ఊహ కాదు. నెదర్లాండ్సులోని ఆమ్‌స్టర్‌డాము నగరమున 205 మందిపై ఒక పరీక్ష జరిగినది. కొందరికి తమంతట తామే నడుపుకొను ఇంటర్నెట్టు చికిత్స నిచ్చిరి. కొందరికి వానితోపాటు చికిత్సకునితో ఇంటర్నెట్టుద్వారా వ్రాతపూర్వకముగా సంభాషించు ఏర్పాటు చేసిరి. మిగిలినవారు తమ వంతుకై వేచియుండిరి. మూడు నెలలకు చికిత్స పొందిన రెండు వర్గములవారును వేచినవారికంటె మెరుగైరి. ఆరు నెలలకు మనిషి తోడున్నవారే ముందంజ వేసిరి. వారికి ఖర్చు ఎక్కువైనది నిజమే. కాని సంపూర్ణారోగ్యముతో గడుపు ఒక సంవత్సరమును అదనముగా సంపాదించుటకు అయిన అదనపు వ్యయము 14,710 యూరోలని 2012లో లెక్కగట్టి, ఖరీదైనదే గిట్టుబాటని తేల్చిరి.

దీనికి కారణము దురవగాహము కాదు. తనంతట తాను నడుపుకొను చికిత్సను అనేకులు మొదలుపెట్టి, నాలుగు దినములలో విడిచిపెట్టుదురు. ఆవల ఒక మనిషి "నిన్న ఎట్లున్నావు?" అని యడుగుచున్నచో మానుటకు మొగమాట పడుదురు. మరియు యంత్రమునకు అలంకారములు పెంచినంతమాత్రమున గుణము పెరుగదు. ఇంగ్లండులో దాదాపు 8,000 మందిపై జరిగిన ఒక పరీక్షలో, ఎన్నో హంగులుగల ఇంటర్నెట్టు చికిత్స వాడినవారును, సాదా సమాచారము మాత్రమే చదివినవారును త్రాగుడు తగ్గించిరి. రెండు వర్గములకును భేదము కనబడలేదని 2011లో ప్రకటించిరి.

అయితే యూరోల లెక్క మనకు నేరుగా అక్కరకు రాదు. ఇచట జీతములు వేరు, ధరలు వేరు. మన నేలమీద చేసిన పరీక్ష యొకటి గోవాలో కలదు. అది ముఖాముఖి చికిత్స. ఫోను చికిత్స కాదు. అయినను మన తూకమునకు అదియే రాయి. సంగత్ సంస్థవారు, హానికరముగా త్రాగుచున్నను పూర్తిగా బానిసలు కాని 377 మంది పురుషులపై జరిపి, 2017లో ప్రకటించిరి. సలహా చెప్పినవారు వైద్యులు కారు. శిక్షణ పొందిన సామాన్యులు. సమావేశములు నాలుగింటికి మించవు. మూడు నెలల పిమ్మట, గడచిన 14 దినములలో చుక్క ముట్టనివారు సలహా పొందినవారిలో నూటికి 42 మంది; సాధారణ చికిత్స మాత్రమే పొందినవారిలో 18 మంది. అదనముగా ఒక్కొక్కడు ఆపదనుండి గట్టెక్కుటకు అయిన అదనపు వ్యయము 217 డాలర్లు. మన దేశమున ఏ ఫోను చికిత్సయైనను గిట్టుబాటని చెప్పుకొనవలెనన్న, ఈ లెక్కతో సరితూగవలెను.

మరి రెండు హెచ్చరికలు. ఏండ్లతరబడి నిత్యము త్రాగినవాడు ఒక్కసారిగా మానిన, రెండు మూడు దినములలో మూర్ఛలు, మతిభ్రమణము కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. అట్టివానికి ఆసుపత్రియే శరణ్యము. అచ్చట ఖర్చు చూడరాదు. రెండవది: అనేక గృహములలో ఇంటికంతకు ఒక్కటే ఫోను. అందు వచ్చు సందేశము రహస్యముగా నుండదు. చదువురానివానికి వ్రాతవలన ప్రయోజనమును లేదు. వానికి కావలసినది మాట.

కావున నా అభిప్రాయము నిది. వ్యాధిని పసిగట్టుటకు, ఆసుపత్రినుండి వచ్చినవానిని కనిపెట్టియుండుటకు ఫోనును వాడుదము. అమెరికాలో చికిత్సాలయము విడిచిన 349 మందిపై జరిపిన పరీక్షలో, అట్టి ఫోను తోడున్నవారు నెలకు అపాయకరముగా త్రాగిన దినములు 1.39, తోడు లేనివారివి 2.75 అని 2014లో వెల్లడియైనది. కాని యంత్రమునకు వెనుక శిక్షణ పొందిన మనిషి నొకని నిలుపుదము. అతని జీతమును మిగుల్చుకొనిన, తక్కిన సొమ్మంతయు వ్యర్థమగు నపాయము కలదు. మత్తు వ్యసనములకై 14446, మానసిక బాధలకై 2022లో ప్రారంభమైన టెలీమానస్ వారి 14416 అను ఉచిత సంఖ్యలు ఇప్పటికే కలవు. ఆవల పలుకు గొంతు ఎంత ఓర్పుతో, ఎంత నేర్పుతో, మన తెలుగున పలుకునో, మనము పెట్టిన పిండికి తగిన రొట్టె దానినిబట్టియే లభించును.