చంద్రుడి నేలకు ముందు బెంగళూరు నేల

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి మనం రైలెక్కి వెళ్లే బెంగళూరులోనే చంద్రుడి మీదకు వెళ్లిన ప్రజ్ఞాన్ రోవర్‌కు నడక పరీక్షలు జరిగాయి. సేలం దగ్గరి అనార్థోసైట్ రాయిని పొడి కొట్టించి, చంద్రుడి నేలలాగా పరిచారు. చంద్రుడి మీద బరువు భూమి మీద ఉండేదానిలో ఆరో వంతే కాబట్టి, హీలియం బెలూన్‌తో రోవర్ బరువు తగ్గించి నడిపించారు.

2023 ఆగస్టులో 26 కిలోల ఆ ఆరు చక్రాల బండి చంద్రుడి మీద అడుగుపెట్టింది. 3 మీటర్ల ముందు పెద్ద గుంత కనబడితే, ఆదేశం అందుకుని వెనక్కి మళ్లింది. మట్టిలో గంధకం ఉందని తేల్చింది.

పిల్లలూ, బడిలో మీరు చేసే బండినీ ఇసుకలో, వాలులో, రాళ్లమీద నడిపించండి. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో రాసుకోండి. రోవర్ల తయారీకి తొలి పాఠం అదే.