కౌంట్ చూసే చోట కంచం కూడా చూడండి



ముత్తుకూరు మత్స్య కళాశాల నుంచి పట్టాలు అందుకుంటున్న మీకు ఈ తీరం కొత్త కాదు. 2009లో వనామి రొయ్యల సాగుకు అనుమతి వచ్చాక ఇక్కడి చెరువుల తీరే మారింది. మన రొయ్య అమెరికా భోజనాల బల్లల మీదికి చేరింది. చెరువు గట్టున రాత్రంతా కాపలా కాసే యానాది గిరిజన కూలీ ఇంట్లో మాత్రం చాలా పూటలు రేషన్ బియ్యం, పలచటి పులుసే.

ఇక్కడ తిండికి కరువు లేదు, కొనే శక్తికే కరువు. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం, 2013 ఆహార భద్రతా చట్టం ఆకలిని తగ్గించాయి. కానీ కూలి తగ్గిన వారం ఇంట్లోంచి ముందు మాయమయ్యేవి పప్పు, గుడ్డు, పాలు, పండు. అన్నం ఒక్కటే మిగులుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు చాలా ఉన్నా, కంచంలో అన్నం తప్ప మరేమీ లేకపోవడం వాటిలో ఒకటి.

ఇంటికి చేరే డబ్బే కంచాన్ని నిర్ణయిస్తుందని మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు ఎప్పుడో తేల్చిచెప్పారు. అక్షరాస్యత ఉద్యమపు రాత్రి బడుల్లో మొదలైన చర్చ 1992లో దూబగుంట రోశమ్మ లాంటి వారి సారా వ్యతిరేక పోరాటంగా మారింది. కూలి డబ్బు సారా కొట్టుకు పోకుండా పొయ్యి దగ్గరికి రావాలన్నదే వాళ్ల పట్టుదల. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు.

ఇప్పుడు మీ వృత్తి సంగతి. నెత్తళ్లు, కవళ్లు పేదవాడి చేపలు. నెత్తళ్లను ముల్లుతో సహా తింటారు కాబట్టి కాల్షియం కూడా దక్కుతుంది. అలాంటి చిన్న చేపలు చేపపిండిగా మారి రొయ్యల మేతలో కలుస్తున్నాయి. పేదల కంచంలోకి రావాల్సిన చేప, కలిగినవాళ్లు తినే రొయ్యకు మేతవుతోంది.

మీలో కొందరు మేత కంపెనీల్లో, కొందరు ప్రభుత్వ శాఖలో చేరతారు. చేపపిండి వాడకం తగ్గే మేత తయారు చేయండి. చేపలమ్మే ఆడవాళ్లకు ఐస్ పెట్టెలు, ఇసుక అంటకుండా చేపలు ఆరబెట్టే బల్లలు అందేలా చూడండి. గిరిజన హాస్టళ్ల భోజనంలో చిన్న చేపలు చేర్చమని అడగండి. ఎకరానికి ఎన్ని టన్నులు, ఏ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) అని రాసుకునే నోట్‌బుక్‌లోనే చెరువు కూలీకి రోజుకు ఎంత ఇస్తున్నారో కూడా రాయండి. ఆ కూలి పెరగని చోట దిగుబడి ఎంత పెరిగినా దాన్ని విజయమని ఒప్పుకోకండి.