అవ్వ, అమ్మ సరే, మరి నాన్న?

మస్కట్, రువి నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ మనం శుక్రవారం ఆరాధనకు వెళ్తామంటే మా అత్తగారికి ఇప్పటికీ నచ్చదు. "ఆదివారం డ్యూటీ ఏంటి అల్లుడుగారూ!" అంటారు. ఏం చేస్తాం, ఒమన్‌లో ఆదివారం పనిరోజు. 2013 మే నుంచి శుక్ర, శనివారాలు సెలవు. అంతకుముందు గురు, శుక్రవారాలు ఉండేవి.

సుల్తాన్ కాబూస్ గారు ఇచ్చిన స్థలాల్లో రువిలోనూ, ఘలాలోనూ చర్చి ఆవరణలున్నాయి. ఒక భాషవాళ్ళు బయటకు వస్తుంటే ఇంకో భాషవాళ్ళు లోపలికి వెళ్తుంటారు. కూడికలు అనుమతి ఉన్న ఆవరణల్లోనే జరగాలి. మన ఊళ్ళోలా వీధికో ప్రార్థన కూటం ఉండదు. అంటే పిల్లలకు భక్తి అందాలంటే మిగతా వారమంతా ఆ ఇంట్లోవాళ్ళే అందించాలి. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కుటుంబానికి ఏం మిగిల్చి వెళ్తాం అన్న విషయం మీద మాట్లాడమన్నారు. పదేళ్ళ క్రితం అడిగుంటే, అమలాపురం దగ్గర కట్టిస్తున్న మేడ అని చెప్పేవాణ్ణి. ఎనిమిదేళ్ళు ఇక్కడ ఒంటరిగా ఉన్నాను. ఒక దశలో ఫ్యామిలీ వీసాకి 600 రియాళ్ళ జీతం ఉండాలన్నారు, నాది అంత లేదు. 2017లో 300కి తగ్గించాక నావాళ్ళు రాగలిగారు.

ఆ ఎనిమిదేళ్ళూ రోజూ ఫోన్ చేసేవాణ్ణి. ఇండియా మనకంటే గంటన్నర ముందు కదా, నా డ్యూటీ అయ్యేసరికి అక్కడ పిల్లలు నిద్రకు తూగుతుండేవారు. మార్కులెన్ని వచ్చాయి, సిమెంట్ బస్తాలు దిగాయా, మేస్త్రి వచ్చాడా, ఇవే నా మాటలు. వెనకాల మా అమ్మ పాట ఎత్తుకుంటే, "కొంచెం ఆగమ్మా, ముఖ్యమైన విషయం మాట్లాడుతున్నాను" అనేవాణ్ణి.

నావాళ్ళు మస్కట్ వచ్చిన మొదటి రాత్రి, అన్నాలయ్యాక మా అమ్మాయి చాప పరిచి కూర్చుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఎందుకు కూర్చుందో నాకు అర్థం కాలేదు. కాసేపు చూసి అడిగింది, "నాన్నా, మీకు ప్రార్థన చెయ్యడం వచ్చా?" అని.

వెటకారం కాదండీ. నిజంగానే తెలియక అడిగింది. ఆ పిల్లకు ప్రార్థన అంటే నాన్నమ్మ, అమ్మ. నేను చెయ్యగా ఎప్పుడూ వినలేదు.

బైబిల్లో తిమోతి గురించి పౌలు రాస్తూ, అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉన్నదని గుర్తు చేస్తాడు. తండ్రి గురించి అపొస్తలుల కార్యములలో గ్రీసుదేశస్థుడు అని ఒక్క మాట ఉంది, అంతే. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు మన గల్ఫ్ ఇళ్ళే గుర్తొస్తాయి. అవ్వలూ అమ్మలూ నడిపిస్తున్నారు. కడప నుంచీ గోదావరి నుంచీ పనికి వచ్చిన తల్లుల ఇళ్ళలో అయితే అవ్వ ఒక్కతే. తండ్రి మాత్రం పాస్‌పోర్టు మీద పేరు.

ఇదే మస్కట్‌లో ఇంకో కుటుంబం కథ కూడా ఉంది. షారన్ థామ్స్ అని అమెరికన్ మిషన్ డాక్టరు ముత్రాలో పనిచేసేవారు. ఆయన భార్య కూడా డాక్టరే, 1905లో బహ్రెయిన్‌లో చనిపోయారు. 1913లో టెలిఫోన్ తీగ పని చేస్తూ ఆయన స్తంభం మీద నుంచి పడి చనిపోయారు. అప్పటికి కొడుకు వెల్స్ చిన్నపిల్లవాడు. తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న చోటికి మళ్ళీ ఎవరు వస్తారండీ? ఆ అబ్బాయి డాక్టరై, 1939లో అదే ముత్రాకు వచ్చి 1970 దాకా వైద్యం చేశాడు. తండ్రి ఆస్తి ఏమిచ్చాడో నాకు తెలియదు కానీ, ఏం పని చేశాడో మాత్రం కొడుకు చూశాడు. అన్నట్టు, వీళ్ళ అరేబియా మిషన్‌కు ఆధారమైన అమెరికా సంఘమే మన మదనపల్లెలోనూ పనిచేసింది. తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకున్న జేకబ్ ఛాంబర్లేన్ గారు ఆ సంఘంవారే.

మా ఇంటి సంగతికి వస్తాను. 2021 మేలో మా అమ్మ పోయింది. అప్పటికి ఇండియా నుంచి ఒమన్‌లోకి రానివ్వడం లేదు. వెళ్తే ఎప్పుడు తిరిగి వస్తానో తెలియదు, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. వెళ్ళలేదు. సమాధి కార్యక్రమం ఫోన్‌లో చూశాను, మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది.

తర్వాత మా ఆవిడ ఊరెళ్ళినప్పుడు ఇంటి బైబిలు తెచ్చింది. దాని ఖాళీ పేజీల్లో మా తాత మొదలుపెట్టి పుట్టుకలు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు రాసి ఉన్నాయి. అమ్మ రాతలో "1996 నవంబరు తుఫాను, కొబ్బరిచెట్లు పోయినవి, మనుషులు క్షేమం" అని ఉంది. నేను మస్కట్ వెళ్ళిన తేదీ కూడా రాసింది. పక్కన చిన్న టిక్కులు. ఏమిటా అని చూస్తే, నేను సెలవుకి వచ్చిన ప్రతిసారీ ఒకటి పెట్టింది. నాలుగే ఉన్నాయి.

మా అబ్బాయికి తెలుగు చదవడం రాదు. చర్చిలో కీర్తనలు ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడతాడు. వాడికి ఆ పేజీలతోనే అక్షరాలు మొదలుపెట్టాను. ముందు వాడి పేరు, తర్వాత అక్క పేరు, అలా పైకి. రాత్రి ప్రార్థన ఇప్పుడు నేనే చేయిస్తున్నాను, పది నిమిషాలు మించదు. ఎక్కువైతే వాళ్ళు ఆవలిస్తారు, నేనూ ఆవలిస్తాను. నైట్ షిఫ్టు ఉన్న రోజు ఫోన్‌లో. సిమెంట్ సంగతులు ఎత్తను.

మేడ రెండో అంతస్తు ఇంకా కాలేదు. అది ఎప్పటికవుతుందో చూడాలి.

అమ్మ పేరు దగ్గర పోయిన తేదీ చాలాకాలం రాయలేకపోయాను. కిందటి ఈస్టరు ముందు మా అబ్బాయి పెన్ను తెచ్చి తనే రాశాడు. "నాన్నమ్మ"లో ఒక ఒత్తు మర్చిపోయాడు. దిద్దలేదు, అలాగే ఉంచాం.